పాత తొట్టె మీది తెల్లరంగు

ఇంట్లో పురుడు రాబోతున్నదంటే పెద్దవాళ్లకు మొదట గుర్తుకు వచ్చేది అటక మీది ఉయ్యాలతొట్టె. మా తాతగారు 1930 ప్రాంతంలో టేకుతో చేయించిన తొట్టె ఒకటి మా ఇంట్లో ఉన్నది. మూడు తరాల పిల్లలు అందులో నిద్రపోయినారు. మా అక్క పురిటికి వచ్చినప్పుడు అమ్మ దానిని దింపించినది. దుమ్ము దులిపి చూస్తే కర్ర గట్టిగానే ఉన్నది గాని, పైనున్న ఆకుపచ్చరంగు పెచ్చులు లేచిపోయి, దాని అడుగున తెల్లరంగు, దానికీ అడుగున లేత గోధుమరంగు పొర ఒకటి కనిపించినవి. వడ్రంగిని పిలిపించినాము. అతడు తొట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమున్నదండీ, ఉప్పుకాగితం పెట్టి రుద్దేసి రెండు పూతలు వేస్తే కొత్త తొట్టె" అన్నాడు.

పాత కుర్చీ గాని, బల్ల గాని, బీరువా గాని బాగుచేయబూనినవారందరూ మొట్టమొదట చేసే పని అదే. నేను రసాయనశాస్త్రం చెప్పేవాడిని కావడంవల్ల ఒక్కరోజు ఆగమన్నాను. మరునాడు తొట్టె అడుగుభాగంలో కనపడని చోట చాకుతో ఏటవాలుగా ఒక గాటు పెట్టి, పొరలన్నీ తెరచి, కళాశాల నుండి తెచ్చిన సోడియం సల్ఫైడు ద్రావణం ఒక చుక్క వేసినాను. తెల్లపొర చూస్తుండగానే కాఫీరంగుకు తిరిగి, పిమ్మట నల్లబడినది. "నల్లబడిందేమిటి మాస్టారూ?" అన్నాడు వడ్రంగి.

ఆ నలుపు సీసమూ గంధకమూ కలిసిన పదార్థం, లెడ్ సల్ఫైడు. ఆ తెల్లరంగులోకి సీసం ఎట్లు వచ్చినది, అది హానికరమని తెలిసికూడ పిల్లల తొట్టెల మీద అంతకాలం ఎట్లు నిలిచినది అనేది కొంచెం పొడుగైన కథ.

సీసం నుండి తెల్లరంగు చేయడం మిక్కిలి పాతవిద్య. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దీనిని వర్ణించినాడు. మట్టికుండలో పుల్లని ద్రాక్షసారా పోసి, దానికి పైగా సీసపు ముద్దను ఉంచి మూసివేస్తే, కొన్ని దినాలకు సీసం మీద తెల్లని బూజు వంటి పొర ఏర్పడుతుంది. దానిని గీకి తీసి, మరల సీసాన్ని కుండలో పెట్టేవారు. పదిహేడవ శతాబ్దానికి హాలండు దేశస్థులు ఈ పనినే పెద్దయెత్తున సాగించినారు. చుట్టలు చుట్టిన సీసపు రేకులను పుల్లని సారా గల కుండలలో పెట్టి, కుండలను గుర్రపులద్దిలో వరుసలు వరుసలుగా పాతిపెట్టి, గది తలుపులు మూసివేసేవారు. మూడు నెలలకు తలుపు తీస్తే సీసం తెల్లబారి ఉండేది.

ఇందులో లద్ది ఏమి చేస్తున్నదో చూడండి. కుళ్లేటప్పుడు అది వేడిని పుట్టించును. బొగ్గుపులుసు వాయువును వదలును. పుల్లసారాలోని ఎసిటికామ్లం ఆ వేడికి ఆవిరియై, గాలిలోని ప్రాణవాయువుతో కూడి సీసాన్ని తిని, లెడ్ ఎసిటేటుగా మార్చును. ఆ ఎసిటేటును బొగ్గుపులుసు వాయువు లెడ్ కార్బొనేటుగా మార్చి, ఆమ్లాన్ని తిరిగి విడిపించును. విడివడిన ఆమ్లం మరికొంత సీసాన్ని పట్టుకొనును. కొద్దిపాటి ఆమ్లంతో బండెడు సీసం తెల్లబడడానికి కారణం ఇదే. ఇట్లు తయారైన తెల్లసీసం నూరు గ్రాములలో ఎనభై గ్రాములు సీసమే.

ఇంత శ్రమపడి సీసాన్నే ఎందుకు వాడవలెను, సుద్ద తెల్లగా ఉండదా అని విద్యార్థులు అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు పాఠశాలలోనే చూపవచ్చును. కొంచెం మెత్తని సుద్దపొడిని గాజుపలక మీద పోసి, నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి కలపండి. తెల్లని పొడి కాస్తా బూడిదరంగు జిగురై, పలక కింద పెట్టిన అచ్చు అక్షరాలు లీలగా కనిపిస్తవి. తెలుపు అనేది పదార్థంలో దాగిన గుణం కాదు. పొడిరేణువుకూ దాని చుట్టూ ఉన్నదానికీ నడుమ వెలుగు వంగి, చెదరి, వెనుకకు మళ్లడంవల్ల కలిగేది. సుద్ద వక్రీభవన గుణకం దాదాపు 1.6. గాలి గుణకం 1. ఈ తేడా పెద్దది కనుక గాలిలో సుద్ద తెల్లగా ఉంటుంది. నూనె గుణకం 1.5కు దగ్గర, అక్కడ తేడా మిగలదు, వెలుగు చెదరక నేరుగా లోపలికి పోతుంది. గోడకు నీటిసున్నం వేస్తే ఆరిన తరువాత రేణువుల నడుమ గాలి చేరుతుంది కనుక చక్కగా తెల్లబడుతుంది. కాని కర్ర మీద నూనెరంగు వేయవలెనంటే సుద్ద పనికిరాదు. తెల్లసీసం గుణకం సుమారు 2. నూనెలో కూడ అది తన అడుగున ఉన్నదానిని కప్పివేయగలదు.

దీనికి తోడు మరొక లాభం. రంగులో కలిపే అవిసెనూనె నీటివలె ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పొరగా మారుతుంది. (ఈ మార్పులో వేడి పుట్టును. అవిసెనూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేస్తే వాటంతట అవే అంటుకొన్న సందర్భాలు ఉన్నవి. వాటిని విప్పి ఆరవేయడమో, నీటిలో ముంచడమో చేయవలెను.) సీసం ఈ ముడిపడడాన్ని త్వరపరచును. అంతేగాక నూనెలోని ఆమ్లాలతో కలిసి ఒక విధమైన సబ్బుగా మారి పొరకు సాగేగుణం ఇచ్చును. ఎండకు కర్ర కుదించుకొన్నా, వానకు ఉబ్బినా, తెల్లసీసపు పొర దానితోపాటు సాగి నిలుస్తుంది. రంగుపని వారు దానిని మెచ్చినారంటే ఊరకనే కాదు.

అయితే మెచ్చినవారే దానికి బలి అయినారు. రోమను శిల్పి విట్రూవియస్ సీసపు పనివారి ముఖాలు పాలిపోయి ఉండడాన్ని గమనించి, నీటిగొట్టాలకు సీసం కంటె మట్టి మేలన్నాడు. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో పనివారల వ్యాధులపై వెలువరించిన గ్రంథంలో కుమ్మరులనూ చిత్రకారులనూ సీసం ఎట్లు పీడించునో వివరించినాడు. పారిస్‌లో టాంక్వెరెల్ అనే వైద్యుడు వెయ్యికి పైగా రోగులను పరిశీలించి 1839లో ప్రచురించిన గ్రంథంలో పాత లక్షణాలన్నీ ఉన్నవి: మెలిపెట్టే కడుపుశూల, మలబద్ధకం, రక్తహీనత, చేయి చాచితే మణికట్టు వేలాడిపోవడం, చివరకు మూర్ఛలు. ఆ రోగులలో తెల్లసీసం తయారుచేసేవారు, రంగులు వేసేవారు ఎక్కువమంది. ఇంగ్లండులోని తెల్లసీసపు కర్మాగారాలలో ఆ కుండలను మోసేవారు పేద స్త్రీలు. అందులోని ప్రమాదకరమైన పనులలో స్త్రీలను పెట్టరాదని అక్కడ నిబంధన వచ్చినది 1898లో.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. యశదం నుండి వచ్చే తెల్లని భస్మాన్ని, అనగా జింక్ ఆక్సైడును, రంగుగా వాడవచ్చునని ఫ్రెంచి రసాయనవేత్త గైటన్ ద మోర్వో 1780ల లోనే సూచించినాడు; కాని అది చాల ఖరీదు. ఆ సూచనను పనిలో పెట్టినవాడు లెక్లేర్ అనే పారిస్ రంగుల మేస్త్రి. చెప్పులు కుట్టేవాని కొడుకు. కూలిపనితో మొదలుపెట్టి పెద్ద గుత్తేదారు అయినవాడు. తన కింద పనిచేసేవారు శూలతో మంచాన పడుతుంటే చూసి ఊరుకోలేక, 1840ల లో జింకు తెలుపును చవకగా తయారుచేయించి తన పనులన్నిటా వాడినాడు. 1842లో లాభాలలో పనివారికి వాటా పంచిపెట్టినవాడు కూడ ఈయనే. అర్థశాస్త్ర గ్రంథాలలో ఆయన పేరు అందుకే కనిపిస్తుంది. నా దృష్టిలో తెల్లరంగు మార్చడం అంతకంటె పెద్దపని. అయినా జింకు తెలుపు సీసాన్ని తొలగించలేకపోయినది. దాని పొర పెళుసు. కొన్నేండ్లకు పగుళ్లు వారుతుంది. ఆరడమూ ఆలస్యమే.

ఇంతవరకు ఇది పనివారి కష్టం. పిల్లల సంగతి మొదట బయటపడినది ఆస్ట్రేలియాలో. క్వీన్సులాండు రాష్ట్రపు ముఖ్యపట్టణమైన బ్రిస్బేన్‌లో ఇండ్లు ఎక్కువగా కర్రవి. ముందు వెడల్పైన వరండా, దానికి తెల్లరంగు వేసిన కటకటాలు. ఎండ మన కోస్తాజిల్లాల ఎండవంటిదే. 1890 తరువాత అక్కడి పిల్లల ఆసుపత్రికి వింత రోగులు రాసాగినారు: కడుపునొప్పి, కాళ్లుచేతులు చచ్చుబడడం, చూపు మందగించడం. టర్నర్ మొదలైన వైద్యులు ఇది సీసపు విషమని 1892లోనే గుర్తించినారు. కాని సీసం పనిచేసే తండ్రులు గాని, కర్మాగారాలు గాని లేని ఇండ్లలో పిల్లలకు సీసం ఎక్కడిది?

ఈ ముడి విప్పినవాడు లాక్‌హార్ట్ గిబ్సన్ అనే నేత్రవైద్యుడు. కంటినరం వాచి మెల్లకన్ను వచ్చిన పిల్లలు ఆయన దగ్గరకే వచ్చేవారు. 1904లో ఆయన ప్రకటించిన వ్యాసం సారాంశం ఇది. ఎండకు తెల్లరంగులోని నూనె చెడిపోయి, పైభాగం సన్నని పొడిగా మారుతుంది. పిల్లలు కటకటాలు పట్టుకొని నిలబడతారు, పాకుతారు, ఆడతారు. చెమటచేతులకు ఆ పొడి అంటుకొంటుంది. వేళ్లు చీకడం, గోళ్లు కొరకడం పిల్లలకు సహజం. అంతే, ఇంకే దారీ అక్కరలేదు. తోటి వైద్యులలో చాలమంది వెంటనే నమ్మలేదు. రోజూ కంటి ఎదుట ఉన్న కటకటాన్ని ఎవరు అనుమానిస్తారు? గిబ్సన్ పట్టువదలక చెబుతూనే వచ్చినాడు. 1922లో క్వీన్సులాండు ప్రభుత్వం పిల్లల చేతికందే చోట్ల సీసపు రంగు వేయరాదని శాసనం చేసినది.

ఈ నడుమనే, 1914లో, అమెరికాలోని బాల్టిమోరు నగరంలో థామస్, బ్లాక్‌ఫాన్ అనే ఇద్దరు వైద్యులు అయిదేండ్ల బాలుని మరణాన్ని గురించి వ్రాసినారు. అంతకు ముందు మెదడుపొరల వాపువంటి లక్షణాలతో పలుమార్లు జబ్బుపడినవాడు. వాడు తన మంచపు కమ్మీల మీది తెల్లరంగును కొరికి తినేవాడని విచారణలో తేలినది. మా తొట్టె కమ్మీల మీద చిన్నచిన్న పంటిగాట్లు ఉన్నవి. ఎవరివో తెలియదు, మా మేనమామది కావచ్చును, నాది కావచ్చును. ఈ బాలుని కథ చదివిన తరువాత ఆ గాట్లను మునుపటివలె ముద్దుగా చూడలేకపోయినాను.

పిల్లలకే ఎందుకింత హాని? సీసపు అయాను ఖటికపు అయానును పోలినట్లు ప్రవర్తించును. ఎముకలు పెరిగే వయసులో శరీరం ఖటికం కోసం ఆవురావురుమంటూ ఉంటుంది. ఖటికం వెళ్లవలసిన తలుపులోనుండి సీసం లోపలికి దూరును. పెద్దవారు మింగిన సీసంలో పదోవంతు మాత్రమే రక్తంలోకి చేరితే, పసిపిల్లలలో సగం వరకు చేరవచ్చును. ఆహారంలో ఇనుము, ఖటికం తక్కువైన పిల్లలలో ఇంకా ఎక్కువ. ఎముకలో చేరినది ఏండ్ల తరబడి అక్కడే ఉండి, కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. గర్భిణిలో అయితే శిశువుకు కూడ చేరును. మెదడులో నాడీకణాల నడుమ వార్తలు నడిపేది కూడ ఖటికమే కాబట్టి, అక్కడ సీసం చేసే అల్లరి పైకి కనిపించదు. అమెరికా వైద్యుడు నీడిల్‌మన్ 1979లో ఊడిన పాలపళ్లలో సీసాన్ని కొలిచి, ఏ జబ్బూ లేనట్లు కనిపించే బడిపిల్లలలో కూడ సీసం ఎక్కువైనకొద్దీ బుద్ధిసూచిక, తరగతిలో ఏకాగ్రత తగ్గుతున్నవని చూపినాడు. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు సీసానికి లేదని నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఉపాధ్యాయులు మందబుద్ధి అని పక్కన పెట్టిన పిల్లలలో ఎందరి వెనుక ఇటువంటి కటకటం ఉన్నదో!

అంతా తెలిసిన తరువాత ఏమైనది? ఫ్రాన్సు 1909లో శాసనం చేసి, కట్టడాల రంగుపనిలో తెల్లసీసాన్ని 1915 నుండి నిషేధించినది. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇండ్ల లోపలి రంగులకు తెల్లసీసం వాడరాదని ఒడంబడిక చేసినది. అమెరికా మాత్రం 1978 వరకు ఇంటి రంగులలో సీసాన్ని నిషేధించలేదు. గిబ్సన్ వ్యాసానికి 74 ఏండ్ల తరువాత. 1907 నుండి అక్కడ తెల్లసీసపు డబ్బాల మీద వ్యాపారచిహ్నం ఏమిటో తెలుసునా? కుంచె చేతబట్టిన చిన్నపిల్లవాడు. మన దేశంలో ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో నియమాలు వచ్చినవి. 2017 నవంబరు 1 నుండి అమలైనవి. ఆ 90ని పాత పొరతో పోల్చి చూడండి. ఎండిన తెల్లసీసపు పూతలో తూకానికి సగం సీసమనుకొన్నా, అది పది లక్షలకు 5 లక్షల పాళ్లు. నేటి పరిమితికి 5,500 రెట్లు.

శాసనాలు ఇన్ని చేసినా, నిజంగా తెల్లసీసాన్ని అంగళ్ల నుండి వెళ్లగొట్టినది మరొక తెల్లరంగు. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో గ్రెగర్ అనే మతాచార్యుడు వాగులోని నల్ల ఇసుకను పరీక్షించి కొత్తలోహం ఉన్నదని చెప్పినాడు. నాలుగేండ్లకు జర్మను శాస్త్రజ్ఞుడు క్లాప్రోత్ దానికి టైటానియం అని పేరు పెట్టినాడు. దాని ఆక్సైడు గుణకం, స్ఫటికరూపాన్ని బట్టి, 2.5 నుండి 2.7 వరకు ఉన్నది. అంటే నూనెలో తెల్లసీసం కంటె ఎంతో బాగా కప్పగలదు. పైగా మింగినా సీసపు విషంవంటిది ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నార్వేలోను, అమెరికాలోను దీనిని రంగుగా తయారుచేయడం మొదలైనది. దీని ముడిఖనిజమైన ఇల్మనైటు మన సముద్రతీరాల నల్ల ఇసుకలో సమృద్ధిగా ఉన్నది. కేరళ తీరపు ఇసుక ఆధారంగా తిరువాంకూరులో 1946లో టైటానియం కర్మాగారం స్థాపించినారు. మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాలలో కెరటం వెనుదిరిగినప్పుడు తెల్ల ఇసుక మీద నల్లని చారలు మిగులుతవి గదా, వాటిలో ఉన్నదీ ఈ ఇల్మనైటే. అంత నల్లని ఇసుక నుండి అంత తెల్లని రంగు!

ఇక మా తొట్టె పొరలకు వద్దాము. పైనున్న ఆకుపచ్చ కూడ నిర్దోషి కాకపోవచ్చును. పూర్వం చౌక ఆకుపచ్చరంగును తరచు క్రోము పసుపు, ప్రష్యను నీలం కలిపి చేసేవారు. క్రోము పసుపు అంటే లెడ్ క్రోమేటు. ముదురురంగు మీద సల్ఫైడు చుక్క నలుపు కనిపించదు గనుక ఈ పరీక్ష అక్కడ చెల్లదు. తెల్లరంగు మీద కూడ చుక్క నల్లబడకపోతే సీసం బొత్తిగా లేదని అర్థం కాదు. 90 పాళ్లవంటి స్వల్పాన్ని పట్టడానికి పరికరాలు కావలెను. మరికొన్ని లోహాలు కూడ నల్లని సల్ఫైడులను ఇచ్చును. నల్లబడినచోట హైడ్రోజన్ పెరాక్సైడు వేస్తే లెడ్ సల్ఫైడు తెల్లని సల్ఫేటుగా మారును. నేను అదీ చేసి చూసినాను, నలుపు విరిగిపోయినది. బడిలో ఈ ప్రయోగం చేయదలచినవారు ఉపాధ్యాయుని చేతిమీదుగానే చేయవలెను. సోడియం సల్ఫైడు చర్మాన్ని తినును, ఆమ్లం తగిలితే విషవాయువు విడుచును.

అన్నిటికీ అడుగున ఉన్న గోధుమరంగు పొర మాత్రం స్పిరిటు గుడ్డతో తుడవగానే కరిగి వచ్చినది. అది లక్క. కుసుమ, మోదుగ, రేగు కొమ్మల మీద లక్కపురుగులు కట్టే గూటి నుండి కరిగించి తీసిన పదార్థం. దానిని స్పిరిటులో కరిగించి గుడ్డతో రుద్దే పాలిష్‌ను పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా అంతటా గొప్ప ఇండ్ల బల్లలకు వాడినారు. అందుకు లక్క పోయినది చాలవరకు మన దేశం నుండే. 1924లో రాంచీ వద్ద నామ్‌కుమ్‌లో ప్రత్యేకంగా లక్క పరిశోధనాలయం స్థాపించినారు. లక్కకు లోపం లేకపోలేదు: వేడి గ్లాసు పెడితే తెల్లని చక్రం పడుతుంది. కాని ఎంత పాతదైనా స్పిరిటుకు కరుగుతుంది కనుక రుద్ది దుమ్ము లేపనక్కరలేదు. పాతపొర మీదనే కొత్తపొర కలిసిపోతుంది. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది కూడ లక్కే. తిరిగే అంకుడుకర్రకు లక్కకణికను ఆనిస్తే ఒరిపిడి వేడికి కరిగి పట్టుకొంటుంది. మా తాతగారు మొదట లక్కే వేయించినారన్నమాట. తెల్లరంగు తరువాత ఎవరో దొరల ఇంటి సామాను చూసి ముచ్చటపడి వేయించినది.

పాత రంగుసామాను ఇంట్లో ఉన్నవారు దానిని చూసి భయపడనక్కరలేదు. పొర చెదరక గట్టిగా ఉన్నంతకాలం, పిల్లల నోటికి అందనంతకాలం దానివల్ల చెరుపు తక్కువ. హాని చేసేది మనం దానిని బాగుచేయబోయేటప్పుడే. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరిలోకీ, నేల మీదికీ, పాకే పిల్లల చేతులకూ చేరును. మంటతో కాల్చి గీకితే సీసపు పొగ వచ్చును. తప్పనిసరిగా తీయవలసివస్తే తగిన ముసుగు కట్టుకొని, ఇంటికి దూరంగా ప్లాస్టిక్ పట్టా పరచి, పైభాగాన్ని తడుపుతూ మాత్రమే గీకి, పెచ్చులన్నీ మూటకట్టవలెను. చీపురుతో ఊడ్వరాదు, తడిగుడ్డతో ఎత్తవలెను. ఆ బట్టలను వేరుగా ఉతకవలెను. పెచ్చులను పెరటిలో పారవేస్తే సీసం ఎన్నేండ్లకూ నశించదు. గర్భిణులు, పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండరాదు.

మా వడ్రంగి ఇదంతా విని చాలసేపు మాట్లాడలేదు. ముప్పై ఏండ్లుగా ఎన్ని తలుపులు, ఎన్ని బీరువాలు పొడిగా రుద్దినాడో లెక్కవేసుకొంటున్నట్లు కనిపించినాడు. రక్తపరీక్ష చేయించుకొమ్మని పట్టణంలోని ఆసుపత్రి పేరు వ్రాసి ఇచ్చినాను. తొట్టెను గోనెపట్టాలో చుట్టి, మరల అటక మీదికి ఎక్కించినది అతడే. అక్కకు ఆడపిల్ల పుట్టినది. అమ్మ పాత నేతచీరతో దూలానికి కట్టిన ఉయ్యాలలో నిద్రపోతున్నది.